పదిహేడో హోల్ నుంచి మొదలుపెట్టండి: రింగ్ రోడ్డు గోల్ఫ్ సిమ్యులేటర్ రివ్యూ

ముందే చెప్పేస్తున్నా, అయిదుకి మూడున్నర. మొదటిసారి వెళ్ళొచ్చిన రాత్రే రాసుంటే ఒకటిన్నర ఇచ్చేవాణ్ణి, అదీ ఏసీ బాగుందని. మూడుసార్లు వెళ్ళాక లెక్క మారింది. ఎందుకు మారిందో చివరిదాకా చదివితే తెలుస్తుంది, అంత ఓపిక లేనివాళ్ళు టైటిల్ చదివి వెళ్ళిపోవచ్చు, పనికొచ్చే ముక్క అందులోనే ఉంది.

ఆ చోటు పేరు రాయట్లేదు. ఫిర్యాదులున్నాయి, పైగా అక్కడ కౌంటర్‌లో ఉండే కుర్రాడి ఉద్యోగానికి నా వల్ల ఎసరు రాకూడదు. బెంగళూరు రింగ్ రోడ్డులో మారతహళ్ళి బ్రిడ్జి దాటి బెళ్ళందూరు వైపు వస్తుంటే సర్వీసు రోడ్డులో ఒక బిల్డింగ్, కింద ఆంధ్రా మెస్, మధ్యలో పళ్ళ డాక్టరు, మూడో అంతస్తులో ఇది. నాలుగు బేలున్నాయి, అంటే ఆడుకునే అరలు. ఒక్కో బేలో ఒక పెద్ద తెర, పైన ప్రొజెక్టర్, కాళ్ళ కింద పచ్చ చాప, పక్కన ఒక సోఫా. బంతిని నిజంగానే తెరకేసి కొడతాం, సెన్సర్ దాన్ని పట్టుకుని తెర మీది కోర్సులో ఎగరేస్తుంది. మామూలు రోజుల్లో బేకి గంటకి 1,200, శని ఆదివారాల్లో 1,600, ఇద్దరు ఆడినా నలుగురు ఆడినా అంతే. అద్దె క్లబ్బులకి, అంటే బంతి కొట్టే కర్రలకి, డబ్బు తీసుకోరు, అవి చూశాక ఎందుకు తీసుకోరో అర్థమవుతుంది, ఏడో ఐరన్ (ఇనప తల కర్ర) పిడికి రబ్బరు ఊడిపోయి చేతికి జిగురు అంటుకుంటుంది.

మాకు గోల్ఫ్ ఎక్కణ్ణుంచి వచ్చిందంటారా. నాలుగేళ్ళు ఎంబసీ గోల్ఫ్ లింక్స్ అనే ఆఫీసుల క్యాంపస్‌లో పనిచేశాను, మా ఫ్లోర్‌లో కాఫీ మెషీన్ పక్క కిటికీలోంచి కేజీఏ (కర్ణాటక గోల్ఫ్ అసోసియేషన్) కోర్సు పచ్చగా కనిపించేది. మేం స్టాండప్ మీటింగ్‌లో కాళ్ళు పీకుతుంటే వాళ్ళు బండిలో కూర్చుని ఒక గుంట నుంచి ఇంకో గుంటకి పోయేవాళ్ళు. బెంగళూరు గోల్ఫ్ క్లబ్ అయితే 1876 నాటిది, మా ముత్తాత పుట్టకముందు మొదలైన క్యూలో నేనిప్పుడు నిలబడి మెంబర్‌షిప్ ఎప్పుడు తెచ్చుకోవాలి. అందుకే సిమ్యులేటర్. తోడు మా అక్క మొగుడు. బావది కర్నూలు, వైట్‌ఫీల్డ్‌లో ఉంటాడు, గోల్ఫర్ రోరీ మెకల్‌రాయ్ అంటే ప్రాణం పెడతాడు, మా అక్క పుట్టినరోజు మర్చిపోతాడు గానీ రోరీ ఏ హోల్‌లో (మొదటి దెబ్బ కొట్టే టీ నుంచి గుంట దాకా ఒక హోల్) ఏ క్లబ్ తీశాడో అడగండి, కళ్ళు మూసుకుని చెప్తాడు.

మొదటిసారి వెళ్ళింది బావ కోరిక మీదే. 2014 ఓపెన్ (బ్రిటిష్ ఓపెన్ అన్నా అదే), ఇంగ్లండ్‌లో రాయల్ లివర్‌పూల్ కోర్సు, జనం హోయ్‌లేక్ అంటారు. ఆ శనివారం మూడో రౌండ్‌లో రోరీ 16లో ఈగిల్ (పార్ కంటే రెండు షాట్లు తక్కువ), 18లో ఈగిల్ కొట్టాడు, ఆరు షాట్ల ఆధిక్యంతో పడుకున్నాడు, మర్నాడు కప్పు ఎత్తాడు. ఆ 18 దాదాపు 550 గజాల పార్-5 (అయిదు షాట్లలో ముగించాల్సిన హోల్), కుడి పక్క ప్రాక్టీసు మైదానం, మైదానం అంతా అవుట్ ఆఫ్ బౌండ్స్, అంటే బంతి పోకూడని హద్దు బయట, పొట్టిగా ఓబీ. మామూలుగా ఓబీ అంటే కోర్సు ప్రహరీ అవతల, ఇక్కడ కోర్సు నడిబొడ్డునే ఓబీ. అక్కడ నిలబడి కుడి పక్క ఓబీకి భయపడుతూ కొట్టాలన్నది బావ కల. కౌంటర్‌లో అడిగితే కోర్సుల జాబితాలో ఉందన్నారు. రెండు గంటలు బుక్ చేశాం. ఇద్దరికి పద్దెనిమిది హోల్స్‌కి రెండు గంటలు సరిగ్గా సరిపోతాయి, తడుముకోకుండా ఆడితే.

తడుముకున్నాం. సెన్సర్ బంతిని పట్టుకోవట్లేదని మొదటి పావుగంట అక్కడే పోయింది, ఆ పావుగంట మా లెక్కలోనే వేశారు, ఇది మొదటి ఫిర్యాదు. తెర కుడి మూలలో ఎర్ర అంకెల్లో మిగిలిన టైం తిరుగుతూ ఉంటుంది, ఆటో మీటర్‌లా, చూడకూడదనుకున్నా కన్ను అటే పోతుంది. పద్నాలుగో హోల్‌కి వచ్చేసరికి పంతొమ్మిది నిమిషాలున్నాయి. బావకి కంగారు మొదలైంది. "ఒరేయ్, పదహారు తొందరగా లాగించెయ్, పద్దెనిమిదికి టైం మిగల్చాలి" అన్నాడు. పదహారులో నేను గ్రీన్ (గుంట చుట్టూ ఉండే నున్నటి గడ్డి) ఎక్కాను, బంతికీ గుంటకీ మధ్య తొమ్మిది అడుగులు, బావది పద్నాలుగు అడుగులు, "ఇచ్చేశా పో, నాదీ ఇచ్చెయ్" అని ఇద్దరం పట్ (గుంటలోకి తోసే దెబ్బ) కొట్టకుండానే, పడ్డట్టే అనుకుని ఇచ్చిపుచ్చుకున్నాం. పార్-5 కదా, కుడి పక్క ఏదో ఖాళీ మైదానం కూడా ఉంది కదా అని నాకు ఒక్క క్షణం అనిపించింది, కానీ ఎర్ర అంకెలు పరిగెడుతుంటే మనసు నిలవదు. పదిహేడు పరుగో పరుగు. పద్దెనిమిదో టీ మీద నిలబడితే తెర మీద కనిపించింది పార్-4.

బావ కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు. పార్-4. కుడి పక్క ఓబీ లేదు, మైదానం లేదు. "ఇదెక్కడి హోయ్‌లేక్ రా, డూప్లికేట్ సరుకు" అంటూ కౌంటర్‌కి వెళ్ళి గొడవ పెట్టుకున్నాడు. అక్కడి కుర్రాడిది హిందూపురం, మనతో తెలుగు, పక్కవాళ్ళతో కన్నడం, ఫోన్‌లో హిందీ. పాపం వాడు వచ్చి చూసి, "కోర్సు కరెక్టే సార్, హోల్స్ అన్నీ ఉన్నాయి, మీరే ఏదో చూసుకోవాల" అన్నాడు. వాడు చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజమని మాకు తెలిసేలోపు తెర నల్లబడింది, సెషన్ ముగిసింది, నమస్కారం. గంట పొడిగించమంటే తర్వాతి బుకింగ్ ఉందన్నారు.

కింద మెస్‌లో పప్పు కలుపుకుంటూ ఫోన్‌లో వెతికితే తెలిసింది. హోయ్‌లేక్ మెంబర్లు రోజూ ఆడే వరస ఒకటి, ఓపెన్‌కి వేసే వరస ఇంకొకటి. మెంబర్ల 17, 18 హోల్స్‌ని తీసి ఓపెన్‌లో 1, 2గా పెట్టారు, మెంబర్ల మొదటి హోల్ అక్కడ మూడోది అయింది, అలా రెండేసి చొప్పున జరిగి మెంబర్ల 16 వచ్చి ఓపెన్ 18 అయింది. డన్ అంటారు ఆ హోల్‌ని. 1967 తర్వాత 39 ఏళ్ళకి 2006లో ఓపెన్ మళ్ళీ హోయ్‌లేక్‌కి వచ్చినప్పుడూ ఇదే వరస, 2014లోనూ ఇదే. అంటే ఏ హోల్ కోసమైతే 3,200 కట్టి వెళ్ళామో దాన్ని పట్ కూడా కొట్టకుండా దానం చేసుకున్నాం, అదీ దాని కోసమే టైం మిగల్చాలని. బావ ముద్ద నోట్లో పెట్టుకోకుండా కాసేపు అలాగే ఉండిపోయాడు. నాకు నవ్వాగలేదు, నవ్వితే బిల్లు నా మీద పడుతుందని తెలిసి కూడా.

ఆ రాత్రి నుంచి నాకు ఈ వరసల పిచ్చి పట్టుకుంది. పెద్ద టోర్నమెంట్ అంటే కోర్సు అలాగే ఉంచి గడ్డి పెంచి గుంటలు జరుపుతారు అంతే అనుకునేవాణ్ణి. హోల్స్ వరసే మార్చేస్తారని తెలీదు. మన భోజనమే తీసుకోండి, ఆకులో పప్పు, కూర, పులుసు, పెరుగు అన్నీ అవే ఉంటాయి, ముందు పెరుగు పోసి చివర ముద్దపప్పు నెయ్యి వేస్తే ఎవరైనా లేచి వంటాయనకేసి చూస్తారు. వస్తువులు అవే, వరస తప్పితే భోజనం వేరు. అమెరికాలో కాంగ్రెషనల్ అనే కోర్సులో 1997 యూఎస్ ఓపెన్ చివరి హోల్ పార్-3. నాలుగు రోజులు ఆడి, చివర్లో ఒక్క ఐరన్ షాటు, రెండు పట్లు, అయిపోయింది. ఎర్నీ ఎల్స్ గెలిచాడు, అది వేరే సంగతి, కానీ పెళ్ళి భోజనం చివర్లో ఒక వడియం వేసి లేవండి అన్నట్టుంటుంది. 2011లో యూఎస్ ఓపెన్ మళ్ళీ అక్కడికి వచ్చేసరికి ఆ పార్-3ని మట్టి తవ్వి తిప్పేసి పదో హోల్‌గా మార్చారు, చెరువు పక్కకి దిగే పార్-4ని చివరికి తెచ్చారు. అక్కడ గెలిచింది మళ్ళీ బావ దేవుడే, 16 అండర్, అంటే పార్ కంటే 16 తక్కువ.

అందరూ మట్టి తవ్వరు. నంబర్లు మార్చి ఊరుకునేవాళ్ళే ఎక్కువ. అన్నిటికంటే పెద్ద మార్పేమో మనం గమనించనే గమనించం, అది అమెరికాలో ఏటా మాస్టర్స్ టోర్నమెంట్ జరిగే అగస్టా. 1934లో మొదటి మాస్టర్స్ ఆడినప్పుడు ఇప్పటి వెనక తొమ్మిది హోల్స్ (10-18) ముందు, ఇప్పటి ముందు తొమ్మిది వెనక. హోర్టన్ స్మిత్ గెలిచింది ఇప్పటి తొమ్మిదో గ్రీన్ మీద. మర్నాటి ఏడు తిప్పేశారు, కారణం పొద్దున్నే పల్లంలో ఉన్న హోల్స్ మీద కరగని మంచు అని చెప్తారు, ఇప్పుడు ఏమెన్ కార్నర్ అని పిలిచే మూల అది, చెట్ల నీడ, వాగు, ఎండ ఆలస్యంగా తగులుతుంది. ఆ 1935లోనే జీన్ సారజెన్ పదిహేనో హోల్‌లో 4-వుడ్ అనే క్లబ్బుతో కొట్టిన రెండో షాటు నేరుగా గుంటలో పడింది, పార్-5లో రెండు షాట్లు, ఒక్క దెబ్బకి మూడు షాట్ల వెనకబాటు పోయి క్రెయిగ్ వుడ్‌తో సమం, మర్నాడు ప్లేఆఫ్‌లో గెలుపు. ఏడాది ముందు వరసే ఉంచి ఉంటే అది ఆరో హోల్. ఆరో హోల్‌లో అల్బాట్రాస్ (పార్ కంటే మూడు తక్కువ) కొడితే ఏమంటాం, భలే ఉంది అంటాం, ఇంకా పన్నెండు హోల్స్ ఉన్నాయి కదా అంటాం. గడ్డి అదే, గుంట అదే, షాటు అదే.

హోయ్‌లేక్ మార్పు మీద నాకొక అభ్యంతరం కూడా ఉంది. చివర పార్-5 పెట్టడం మంచిదే, వెనకబడ్డవాడికి ఒక ఆశ, ముందున్నవాడికి కుడి పక్క భయం, చుట్టూ గ్రాండ్‌స్టాండ్‌లకి చోటు. కానీ మెంబర్ల మొదటి హోల్ ఉంది చూశారూ, దానికీ కుడి పక్క అదే ప్రాక్టీసు మైదానం, అదే ఓబీ. పొద్దున్నే నడుం వంగని టైంలో, రోజు మొదటి షాటుకే అలాంటిది ఎదురైతే ఎలా ఉంటుంది? ఓపెన్‌లో దాన్ని మూడోదిగా పెట్టేసరికి ఆటగాడు అప్పటికే రెండు హోల్స్ ఆడి ఒళ్ళు వేడెక్కి ఉంటాడు. ముగింపు కోసం మొదలుని తాకట్టు పెట్టారు అనిపించింది నాకు. బావ ఒప్పుకోడు. "మొదలు ఎవడు చూస్తాడ్రా, టీవీ పెట్టేదే పద్నాలుగులో" అంటాడు. ఆ మాటా నిజమే.

ఇంకో మాట కూడా బావ అన్నాడు, అది నన్ను కాస్త తికమక పెట్టింది. యూఎస్ ఓపెన్‌లో మొదటి రెండు రోజులు సగంమంది ఒకటి నుంచి, సగంమంది పది నుంచి మొదలుపెడతారు కదా, వాళ్ళకి ఏ వరస అసలు వరస? ఓపెన్ అయితే ఎప్పుడూ అందరూ మొదటి టీ నుంచే. ఎప్పుడూ అన్నాను గానీ ఒక్కసారి తప్పారు. అదెప్పుడో తెలుసా, 2014 హోయ్‌లేక్, సరిగ్గా ఆ శనివారమే. ఉరుములు మెరుపులు వస్తాయని చెప్తే ఓపెన్ చరిత్రలో మొదటిసారి రెండు టీల నుంచి ముగ్గురేసి చొప్పున పంపారు. రోరీ ఒకటి నుంచే మొదలుపెట్టాడు కాబట్టి మన 16, 18 కథ బతికింది.

రెండోసారి వెళ్ళింది పది రోజుల తర్వాత, మంగళవారం రాత్రి, 1,200 రేటుకి. ఈసారి నేను ఒక కాగితం ముక్క మీద లెక్క వేసుకుని వెళ్ళాను. మెంబర్ల 17, తర్వాత 18, తర్వాత 1, 2, 3 అంటూ 16 దాకా. అంటే చుట్టు తెగలేదు, దండలో ముడి వేరేచోట వేశారు అంతే. ఏ హోల్ నుంచి మొదలుపెట్టాలో ఎంచుకునే వీలుంటే చాలు, ఓపెన్ వరస దానంతటదే వచ్చేస్తుంది. హిందూపురం కుర్రాణ్ణి అడిగితే సెట్టింగుల్లో లోపలికి లోపలికి వెళ్ళి, నాలుగు మెనూల అవతల, మొదలయ్యే హోల్ అనే లైను పట్టుకున్నాడు. దాన్ని 17కి తిప్పాడు. "ఇది ఇన్నాళ్ళూ ఎవురూ అడగలేదన్నా" అన్నాడు. సార్ నుంచి అన్నాకి ప్రమోషన్ కూడా అప్పుడే వచ్చింది. రెండు స్టార్లు ఆ క్షణానికే.

ఇక్కడ ఒక జాగ్రత్త. అక్కడ ఉన్నది పాత హోయ్‌లేక్. 2023 ఓపెన్‌కి చివర్లో కొత్త పార్-3 ఒకటి వచ్చింది, 136 గజాలే, పదిహేడో హోల్‌గా పెట్టారు, చూడ్డానికి చంటిపిల్ల, చుట్టూ ఇసుక గుంటలు. బ్రయన్ హార్మన్ గెలిచిన ఏడు. అది మీకు ఇక్కడ దొరకదు. మాకు కావలసింది 2014 కాబట్టి మాకు పాతదే మేలైంది.

ఆట సంగతి. టైగర్ వుడ్స్ 2006లో ఇక్కడ నాలుగు రోజులూ కలిపి డ్రైవర్ (అన్నిటికంటే దూరం కొట్టే క్లబ్బు) తీసింది ఒకే ఒక్కసారి, ఎండకి నేల గట్టిపడి ఐరన్‌తో కొట్టిన బంతి కూడా దొర్లుకుంటూ పోయేది, ఇసుక గుంటలకి ముందే ఆపుకుంటూ 18 అండర్ కొట్టాడు. నేనూ అదే చేద్దామని నేల గట్టిగా ఉండేలా సెట్టింగ్ పెట్టించి అద్దె అయిదో ఐరన్ తీశాను. నా అయిదో ఐరన్ 140 గజాలు. నేల ఎంత గట్టిగా ఉన్నా 140ని ఎంత దొర్లిస్తుంది. మూడో హోల్ నుంచి మళ్ళీ డ్రైవర్.

మా పందెం మూడు ముక్కలు: ముందు తొమ్మిదికి ఒక పూట భోజనం, వెనక తొమ్మిదికి ఒకటి, మొత్తానికి ఒకటి, హోల్‌కి హోల్ లెక్క. హ్యాండిక్యాప్, అంటే పార్ మీద ఎన్ని షాట్లు ఎక్కువ పడతాయో ఆ లెక్క, నాది 24, బావది 14, కాబట్టి కష్టమైన పది హోల్స్‌లో నాకు ఒక్కో షాటు మినహాయింపు. ఇక్కడ రెండో ఫిర్యాదు. మొదలయ్యే హోల్ మార్చినా సాఫ్ట్‌వేర్‌కి బుర్రలో పాత వరసే. తెర పైన "హోల్ 16" అనే చూపిస్తుంది, స్కోరు కార్డు ముందు తొమ్మిది అంటే దానికి మెంబర్ల 1 నుంచి 9. మేం ముందు ఆడిన తొమ్మిదేమో 17, 18, 1 నుంచి 7. ఏ హోల్ ఎంత కష్టమో చెప్పే నంబర్లు కూడా అంతే, మామూలుగా బేసి సంఖ్యలు ఒక తొమ్మిదికి, సరి సంఖ్యలు ఇంకో తొమ్మిదికి పంచుతారు, నాకు దక్కే షాట్లు రెండు పక్కలా సమానంగా పడాలని. వరస రెండు జరిగేసరికి ఇటు రెండు అటు, అటు రెండు ఇటు వెళ్ళి ఆ పంపకం కలగాపులగం అవుతుంది. నిజం టోర్నమెంట్‌లో హ్యాండిక్యాప్ ఉండదు కాబట్టి వాళ్ళకి ఈ బాధ లేదు, బాధంతా మనలాంటి 24లకే.

ఆట అయ్యాక కార్డు చూస్తే ముందు తొమ్మిది నేను ఒక హోల్ తేడాతో గెలిచాను, వెనక తొమ్మిది బావ మూడు తేడాతో. మేం ఆడిన వరసలో చూస్తే ముందు తొమ్మిది బావ మూడు తేడాతో, వెనక తొమ్మిది నేను ఒక తేడాతో. కార్డే ప్రమాణం అని నేను, ఆడిన వరసే ధర్మం అని బావ, సోఫా మీద కూర్చుని అరగంట వాదించుకున్నాం, పక్క బే వాళ్ళు తొంగి చూసి పోయారు. చివరికి హిందూపురం కుర్రాడు కుర్చీలు సర్దుతూ, "ఎట్ల చూసినా మీకొకటి ఆయనకొకటి కదన్నా, మొత్తం ఎట్లైనా ఆయనదే, మీరు ఒక భోజనం పెట్టించాల అంతే" అన్నాడు. నిజమే. ఇద్దరం ఇంజనీర్లం.

కానీ అసలు సంగతి ఆ చివరి హోల్. ఓపెన్ వరసలో ఆడితే చివరి టీకి వచ్చేసరికి బావ ఒక్క హోల్ ముందు, అంటే నేను గెలిస్తే సమం. టైం ఇరవై రెండు నిమిషాలు మిగిలింది, ఈసారి సెన్సర్ ఏడవలేదు. బావ ఏం చేశాడంటే స్టిక్కీ నోట్ ఒకటి అడిగి తీసుకుని 16 అని రాసి, కొట్టేసి, పక్కన పెద్ద అక్షరాల్లో 18 అని రాసి తెర పక్క గోడకి అతికించాడు. అదే తెర, అదే మైదానం, పది రోజుల కిందట ఇచ్చిపుచ్చుకున్న అదే హోల్. అప్పుడు కుడి పక్క ఏదో ఖాళీ స్థలం అనుకున్నది ఇప్పుడు నోరు తెరుచుకుని కనిపించింది. అరచేతులకి చెమట పట్టింది, మారతహళ్ళిలో మూడో అంతస్తులో, ఏసీ పద్దెనిమిదిలో. డ్రైవర్ ఊపాను, బంతి తెరకి తగిలి దబ్ అని పడింది, తెర మీద బంతి మాత్రం మెల్లగా కుడికి, ఇంకా కుడికి. ఎర్ర అక్షరాలు. ఓబీ. బావ ఏమీ అనలేదు, అయిదో ఐరన్ తీసి ఎడమకి కొట్టుకున్నాడు, మళ్ళీ అయిదో ఐరన్, తర్వాత వెడ్జ్ (దగ్గరి దెబ్బల క్లబ్బు), రెండు పట్లు, పార్. పిరికి పార్ అది, నేనైతే అలాగే అంటాను.

మూడోసారి మేం నలుగురం, జంటలుగా మ్యాచ్ ప్లే, అంటే మొత్తం షాట్లు కాదు, ఎవరు ఎన్ని హోల్స్ గెలిచారన్నదే లెక్క. ఇక్కడ వరస సంగతి ఇంకో రకంగా ముఖ్యం. మ్యాచ్ ప్లేలో మిగిలిన హోల్స్ కంటే ఆధిక్యం ఎక్కువైతే ఆట అక్కడితో సరి, చాలా మ్యాచ్‌లు 18 దాకా రానే రావు. అందుకే 2022లో అమెరికాలోని క్వెయిల్ హాలో కోర్సులో ప్రెసిడెంట్స్ కప్ (జట్ల మ్యాచ్ ప్లే పోటీ) పెట్టినప్పుడు, గ్రీన్ మైల్ అని పేరుపడ్డ 16, 17, 18 హోల్స్‌ని తీసుకొచ్చి 13, 14, 15 దగ్గర పెట్టారు. మంచివి చివర దాచుకుంటే ఎవరూ అక్కడిదాకా రాకుండానే చేతులు కలుపుకుని వెళ్ళిపోతారు. హేజల్‌టైన్ అనే కోర్సులో 2016 రైడర్ కప్‌కి (అదీ జట్ల పోటీయే) కూడా వరస కలిపేశారు, చెరువు ఒడ్డున ఉండే పేరున్న పదహారో హోల్ ఏడోది అయి కూర్చుంది. ఇవి మేజర్లు (ఏటా జరిగే నాలుగు పెద్ద టోర్నమెంట్లు) కావు, నిజమే, కానీ గంటల లెక్కన బే అద్దెకి తీసుకునే మనకి మేజర్ల కంటే వీళ్ళ బాధే దగ్గర. పోర్ట్‌రష్ అనే కోర్సు కూడా ఆడదామనుకున్నాం, అక్కడ 2019 ఓపెన్ కోసం పాత 17, 18 తీసేసి ఆ స్థలంలో డేరాలు వేసుకున్నారు, పక్క కోర్సు నేల కలిపి 7, 8 కొత్తగా కట్టారు, దాంతో కలామిటీ అనే భయంకరమైన పార్-3 పద్నాలుగు నుంచి పదహారుకి జరిగింది. జాబితాలో లేదు. నలుగురం వేరే ఏదో కోర్సు ఆడాం, మా జంట నాలుగు-మూడు తేడాతో (మూడు హోల్స్ మిగిలుండగా నాలుగు వెనక) పదిహేనో హోల్‌లోనే ఓడిపోయింది, మిగిలిన ఇరవై నిమిషాలు ఎవరెంత దూరం కొడతారో పోటీ పెట్టుకున్నాం.

మిగతావి గబగబా. పటింగ్ దండగ, చాప మీద ఎటు తోసినా ఒకటే, ఆరడుగుల లోపు ఇచ్చేయండి (డన్ మీద తప్ప). చాప గట్టిది, మోచేతికి మంచిది కాదు, రెండు గంటలకి మించి వద్దు. రెండో బే ప్రొజెక్టర్ మసక, నాలుగో బే అడగండి. కాఫీ మెషీన్‌ది, కిందకి దిగి మెస్ పక్క బడ్డీలో తాగండి. పార్కింగ్ కారుకి లేదు, బండికి ఉంది. శనివారం సాయంత్రం వెళ్ళొద్దు, రేటు కోసమే కాదు, లిఫ్ట్ దగ్గర పళ్ళ డాక్టరు పేషెంట్లు దవడ పట్టుకుని నిలబడి ఉంటారు, వాళ్ళ ముందు గోల్ఫ్ క్లబ్బు పట్టుకుని నవ్వుతూ ఎక్కడానికి మనసొప్పదు. యాజమాన్యానికి ఒకటే విన్నపం, మెనూలో "టోర్నమెంట్ వరస" అని ఒక్క లైను పెట్టించండి, లేకపోతే కనీసం ఒక కాగితం మీద రాసి కౌంటర్‌లో అంటించండి, హోయ్‌లేక్: 17తో మొదలు అని. సెన్సర్ సతాయించిన టైం మా ఖాతాలో రాయకండి. ఈ రెండూ చేస్తే నాలుగున్నర.

మొన్న ఆదివారం బావ లేకుండా ఒక్కణ్ణే వెళ్ళాను. నాలుగో బేలో తెర పక్కన బావ అతికించిన కాగితం ఇంకా అలాగే ఉంది, ఒక చెవి వంగింది. దాని కింద వేరే చేతిరాతతో ఎవరో కన్నడంలో ఒక లైను రాశారు. హిందూపురం కుర్రాణ్ణి పిలిచి చదివించుకున్నాను. "ఇక్కడ పట్ వదిలెయ్యొద్దు" అనట.